నడిసముద్రంలో తవ్వితే ఒడ్డుకేమవుతుంది?

సముద్రగర్భ తవ్వకాల వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. "అడుగున తవ్వేస్తే ఒడ్డు కుంగిపోదా? మళ్లీ సునామీ రాదా?" అని కొందరు భయపడతారు. "ఎక్కడో రెండు వేల కిలోమీటర్ల అవతల తవ్వుకుంటే మనకేంటి?" అని ఇంకొందరు తేలిగ్గా తీసేస్తారు. నా లెక్కలో రెండూ సరికావు. లోతు సముద్రంలో తవ్వితే తీరానికి నష్టం జరిగే అవకాశం నిజంగానే ఉంది. కాకపోతే అది అలల మీద రాదు. ఓడలో రాళ్లుగా వస్తుంది, రేవులో దుమ్ముగా వస్తుంది, వలలో తగ్గిన చేపగా వస్తుంది, ఒక్కోసారి ప్రభుత్వం నెత్తిన అప్పుగా వస్తుంది. ఈ దారులన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఏ తవ్వకమో తేల్చుకోవాలి

వార్తల్లో మూడు వేర్వేరు పనులను ఒకే పేరుతో పిలవడం వల్లే సగం గందరగోళం.

మొదటిది బీచ్ ఇసుక తవ్వకం. భీమిలి, శ్రీకాకుళం తీరాల్లో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ కలిసిన బరువైన ఇసుక ఉంది. దాన్ని తీయడమంటే ఒడ్డునే తీయడం. రెండోది తక్కువ లోతులో, పదుల మీటర్ల నీటి అడుగున ఉన్న ఇసుకనో సున్నపు బురదనో తీయడం. కేరళలో గొడవ జరిగింది దీని గురించే. మూడోది అసలైన లోతు సముద్ర తవ్వకం. నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల లోతున, చిమ్మచీకట్లో, మెత్తటి బురద మీద బంగాళాదుంపల సైజులో నల్లటి ఉండలు పరుచుకుని ఉంటాయి. వీటినే నాడ్యూల్స్ అంటారు. మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ కలిసి ఉంటాయి. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరిగిన రాళ్లివి. నాడ్యూల్స్ కాక సముద్రపు వేడి ఊటల దగ్గర పేరుకున్న సల్ఫైడ్లు, నీట మునిగిన కొండల మీద పొరలా పట్టిన లోహపు పెచ్చులు కూడా ఉన్నాయి.

చట్టం కూడా దూరాన్ని బట్టి మారుతుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా దేశపు సొంత జలాలు. 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే 370 కిలోమీటర్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడి ఖనిజాల మీద హక్కు ఆ దేశానిదే. దేశాల హక్కులన్నీ ముగిసిపోయిన తర్వాత మిగిలే సముద్రపు అడుగు ఎవరిదీ కాదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం దాన్ని మానవజాతి ఉమ్మడి వారసత్వం అంది. దాని బాగోగులు చూసే అంతర్జాతీయ సీబెడ్ అథారిటీ జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉంది.

హిందూ మహాసముద్రం మధ్యలో మన దేశానికి 75,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో నాడ్యూల్స్ అన్వేషించే హక్కు ఉంది. ఈ అథారిటీతో 2002లో కాంట్రాక్టు కుదిరింది. అది అన్వేషణకు మాత్రమే, అమ్ముకోవడానికి తవ్వే అనుమతి కాదు. 2021లో కేంద్రం ఆమోదించిన 4,077 కోట్ల డీప్ ఓషన్ మిషన్, చెన్నైలో తయారవుతున్న మత్స్య-6000 జలాంతర్గామి, అదే ఏడాది 5,270 మీటర్ల లోతున నడిపి చూసిన వరాహ అనే తవ్వకపు యంత్రం అన్నీ ఈ దారిలోవే.

అల ఎంత లోతు దాకా తాకుతుంది?

ఒడ్డు కోతకు గురవుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. అల పైకి కనిపించేంత లోతుకు పని చేయదు. రెండు అలల శిఖరాల మధ్య దూరంలో సగం లోతు దాటాక నీటిలో దాని కదలిక దాదాపు ఆగిపోతుంది. పది సెకన్లకొకటి వచ్చే అల పొడవు లోతు నీటిలో సుమారు 156 మీటర్లు. అంటే దాని ప్రభావం 78 మీటర్ల దాకానే. ఎక్కడో దూరపు తుఫానులో పుట్టి ఇరవై సెకన్లకొకటి వచ్చే పెద్ద అలను తీసుకున్నా పొడవు 624 మీటర్లు, ప్రభావం 312 మీటర్ల దాకా. ఐదు వేల మీటర్ల అడుగున ఉన్న బురదకు పైన అల ఉన్న సంగతే తెలియదు.

బీచ్‌కూ సముద్రపు అడుగుకూ మధ్య ఇసుక రాకపోకలు ఇంకా తక్కువ లోతులో, మామూలుగా ఓ పది ఇరవై మీటర్లలోపే జరుగుతాయి. ఉప్పాడలో ఇళ్లు కడలిలో కలిసిపోవడానికి కారణాలు వెతికేది కూడా అక్కడే: ఒడ్డు వెంట ఇసుక నడక మారడం, నది తెచ్చే మట్టి తగ్గడం. లోతు సముద్రపు నాడ్యూల్స్‌తో దానికి సంబంధం లేదు.

సునామీ భయం కూడా అంతే. 2004లో సముద్రపు అడుగు వందల కిలోమీటర్ల పొడవున ఒక్కసారిగా పైకి లేచింది. చదునైన మైదానం మీద పైనున్న పది పదిహేను సెంటీమీటర్ల పొరను గీకితే అలాంటిది జరగదు. నీట మునిగిన నిటారు కొండల వాలు మీద పెచ్చులు తీసేటప్పుడు వాలు జారుతుందేమో ముందే పరీక్షించుకోవాలి. అది వేరే విషయం, నాడ్యూల్స్‌కు వర్తించదు.

కొల్లంలో గొడవ దేనికి

2024 నవంబరులో కేంద్రం తొలిసారి సముద్ర ఖనిజాల వేలం ప్రకటించింది. మొత్తం 13 బ్లాకులు. గుజరాత్ దగ్గర మూడు సున్నపు బురదవి, కేరళలో కొల్లం దగ్గర మూడు కట్టుబడి ఇసుకవి, గ్రేట్ నికోబార్ దగ్గర ఏడు నాడ్యూల్స్, పెచ్చులవి. 2025 ఫిబ్రవరి 27న కేరళ తీరమంతా మత్స్యకారులు 24 గంటల హర్తాళ్ చేశారు. మార్చిలో అక్కడి అసెంబ్లీ ఈ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

కొల్లం బ్లాకులు సుమారు 50 నుంచి 60 మీటర్ల లోతున ఉన్నాయి. పై లెక్క ప్రకారం చూస్తే బీచ్ ఇసుకతో నేరుగా లావాదేవీ ఉండే లోతు కాదు. తవ్వకాన్ని సమర్థించేవాళ్లు చెప్పేది ఇదే. నదుల్లో ఇసుక తోడి తోడి పాడు చేసుకున్నాం, కడలి అడుగున ఉన్న కోట్ల టన్నుల ఇసుక వాడుకుంటే నదులు బతుకుతాయి అంటారు. ఆ వాదనలో బలముంది. కానీ మత్స్యకారులు ప్రధానంగా అడుగుతున్నది బీచ్ గురించి కాదు, చేప గురించి. కొల్లం పరప్పు అని పిలిచే ఆ ప్రాంతం కేరళకు అన్నం పెట్టే వేట స్థలాల్లో ఒకటి. అడుగు ఇసుకలో గుడ్లు పెట్టే, మేత మేసే జీవాలకు ఆ ఇసుకే ఇల్లు. దాన్ని పీల్చేస్తే లేచే బురద రోజుల తరబడి నీళ్లలో తేలుతుంది. యాభై మీటర్ల లోతులో అది రోజూ బోటు వెళ్లే నీరే.

డబ్బు సంగతి కూడా ఉంది. ఈ బ్లాకుల రాయల్టీ కేంద్రానికి వెళుతుంది. నేల మీద గని తవ్వితే రాయల్టీకి అదనంగా వసూలు చేసిన సొమ్ములో కొంత జిల్లా మినరల్ ఫౌండేషన్‌కు, అంటే గని ఉన్న జిల్లాకే చేరుతుంది. సముద్రానికి జిల్లా లేదు. 2023 చట్ట సవరణలో ఆఫ్‌షోర్ మినరల్ ట్రస్టు అని ఒకటి పెట్టి, తవ్వకాల వల్ల నష్టపోయినవాళ్ల కోసం కూడా దాన్ని వాడొచ్చన్నారు. ఫలానా రేవు, ఫలానా పల్లె నష్టపోయిందని నిరూపించడం మాత్రం నేల మీద కంటే చాలా కష్టం. చేప తగ్గితే తవ్వకం వల్ల తగ్గిందా, నీరు వేడెక్కడం వల్లా, ట్రాలర్లు ఎక్కువై తగ్గిందా అని వాదించుకుంటూనే ఏళ్లు గడుస్తాయి.

బురద మబ్బు, ట్యూనా, జీతాలు

ఇప్పుడు నిజమైన లోతుకు వెళ్దాం. నాడ్యూల్స్ ఏరే యంత్రం అడుగు మీద నడుస్తుంటే బురద లేస్తుంది. 2021లో పసిఫిక్‌లో పటానియా-2 అనే యంత్రంతో చేసిన పరీక్షను గమనించిన శాస్త్రవేత్తలు, లేచిన బురదలో 92 నుంచి 98 శాతం అడుగుకు రెండు మీటర్ల ఎత్తు దాటలేదని తేల్చారు. కంపెనీలకు ఇది ఊరట. కానీ రాళ్లను గొట్టంలో పైకి లాగాక వాటితో వచ్చిన బురద నీటిని ఓడ తిరిగి సముద్రంలోకే వదలాలి. 2022లో జరిగిన పరీక్షలో దాన్ని సుమారు 1,200 మీటర్ల లోతున వదిలారు. ఆ నీటి నమూనాలు చూసిన హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ఒక హెచ్చరిక చేశారు. ఆ లోతులో బతికే బుల్లి జీవాలకు మేత పైనుంచి రాలే సన్నటి నలుసులు. బురద కలిసాక నోటికందే నలుసుల్లో పోషకం పలచనవుతుంది, కడుపు నిండినా బలం పట్టదు. ఆ చిన్న జీవాలను తినే చేపల్ని పెద్ద చేపలు తింటాయి.

ట్యూనా ఇక్కడే కథలోకి వస్తుంది. మనవాళ్లు సూర అంటారు దీన్ని. దీనికి సరిహద్దులు లేవు. పసిఫిక్ దీవుల్లో కిరిబాటి లాంటి చిన్న దేశాల ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా విదేశీ బోట్లు కట్టే ట్యూనా లైసెన్సు ఫీజులే. హవాయికీ మెక్సికోకూ నడుమ క్లారియన్-క్లిపర్టన్ అనే ప్రాంతంలో నాడ్యూల్స్ కాంట్రాక్టులు ఎక్కువగా ఉన్నాయి. సముద్రం వేడెక్కేకొద్దీ ట్యూనా మందలు ఆ దిక్కుకే జరుగుతాయని 2023లో ఒక అధ్యయనం అంచనా వేసింది. మంద దారి మార్చుకుంటే అక్కడెక్కడో నష్టం కనిపించదు, కిరిబాటిలో టీచరు జీతం దగ్గర కనిపిస్తుంది. తవ్వే యంత్రాల చప్పుడు కూడా ఉంది. ఒక్క గని శబ్దం ప్రశాంతమైన వాతావరణంలో 500 కిలోమీటర్ల దాకా వినిపించగలదని 2022లో మరో అంచనా వచ్చింది.

ఇవన్నీ అంచనాలే, పూర్తి స్థాయి గని ఇంకా ఎక్కడా నడవలేదు. అందుకే దాదాపు 40 దేశాలు "విజ్ఞానం అందుకునేదాకా ఆగుదాం" అంటున్నాయి. "తవ్వి చూస్తేనే కదా తెలిసేది" అనేది రెండో పక్షం వాదన. దానికి ఎదురుగా నిలిచే ఆధారం ఒకటుంది: 1979లో పసిఫిక్‌లో ఒక పరీక్ష యంత్రం నడిచిన జాడలు 44 ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే అలాగే ఉన్నాయి. కొన్ని జీవాలు తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు.

అసలు ఒడ్డుకు దిగేది ఎంత? ఒక లెక్క

చర్చంతా సముద్రం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఎవరూ పెద్దగా మాట్లాడని భాగమిది. నాకు మాత్రం ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

మన ప్రాంతంలో 38 కోట్ల టన్నుల నాడ్యూల్స్ ఉన్నాయని అంచనా. 75,000 చదరపు కిలోమీటర్లకు పంచితే చదరపు మీటరుకు సగటున ఐదు కిలోలు. ఏడాదికి 30 లక్షల టన్నులు తీసే గని ఒకటి పెట్టారనుకుందాం. ఒక్క రాయీ వదలకుండా ఏరినా ఏటా 600 చదరపు కిలోమీటర్ల అడుగు గీకాలి. మొన్నటిదాకా ఉన్న జీహెచ్ఎంసీ పరిధి కంటే కొంచెం తక్కువ, ప్రతి ఏడూ అంత.

ఆ రాళ్లు ఎక్కడో దిగాలి కదా. రోజుకు 8,200 టన్నులు. ఒక గూడ్సు బండి సుమారు నాలుగు వేల టన్నులు మోస్తుందనుకుంటే రోజూ రెండు బండ్లు, ఏడాదంతా. ఇప్పుడు ఒక వంద కిలోల రాళ్లను విడదీయండి. ప్రభుత్వ అంచనా ప్రకారం ఆ 38 కోట్ల టన్నుల్లో నికెల్ 47 లక్షలు, రాగి 42.9 లక్షలు, కోబాల్ట్ 5.5 లక్షలు, మాంగనీసు 9.26 కోట్ల టన్నులు. వంద కిలోలకు చూస్తే బ్యాటరీల పేరుతో అందరూ మాట్లాడే మూడు లోహాలూ కలిపి రెండున్నర కిలోలు. మాంగనీసు 24 కిలోలు. మిగతా 73 కిలోలు వేరే. అందులో కొంత ఆక్సిజన్ రూపంలో కొలిమిలో పొగగా పోతుంది. ఇనుము, ఇసుక లాంటివి స్లాగ్‌గా, అంటే లోహం తీశాక మిగిలే చిట్టెంగా మిగులుతాయి.

మాంగనీసును కూడా అమ్ముకోగలిగితే, స్లాగ్‌ను రోడ్లకో సిమెంటుకో వాడుకుంటే వ్యర్థం బాగా తగ్గుతుంది. నాడ్యూల్స్ తవ్వడానికి సిద్ధమవుతున్న ద మెటల్స్ కంపెనీ అదే చెబుతోంది. జపాన్‌లో హచినోహె అనే తీర పట్టణంలోని పామ్‌కో కొలిమిలో 2,000 టన్నుల నాడ్యూల్స్‌తో ప్రయోగం చేసి, 2025 ఫిబ్రవరిలో ఫలితం ప్రకటించింది. పని జరుగుతుందని తేలింది. కానీ ఏటా లక్షల టన్నుల మాంగనీసు ఒక్కసారి మార్కెట్లోకొస్తే ధర నిలబడుతుందా? నిలబడకపోతే అదంతా గుట్టగా రేవు పక్కనే మిగులుతుంది. ఒడ్డు భవిష్యత్తు ఆ ధర మీద ఆధారపడి ఉండటం నాకు టెన్షన్ పెట్టే విషయం.

దుమ్ము గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు. విశాఖ పోర్టుకు విదేశీ మాంగనీసు ఖనిజం ఎప్పటినుంచో దిగుతోంది. గరివిడి చుట్టుపక్కల ఫెర్రో ఎల్లాయ్స్ కొలిములున్నాయి. విశాఖ వన్‌టౌన్ ఇళ్ల కిటికీల మీద పేరుకునే నల్లటి పొర అక్కడివాళ్లకు అలవాటైన విషయం. మాంగనీసు దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే నరాల జబ్బు వస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది. నాడ్యూల్స్‌లో దానికి తోడు ఇంకొకటుంది. ఇవి సముద్రపు నీటి నుంచి రేడియం, థోరియం లాంటి రేడియోధార్మిక మూలకాలను కూడా పట్టుకుంటాయి. ఆల్ఫా రేడియేషన్ కొన్ని రాళ్లలో మినహాయింపు పరిమితులను, అంటే ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదనే హద్దును, చాలా రెట్లు దాటుతోందని జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2023లో ప్రచురించారు. ఆల్ఫా కణాలను చర్మం ఆపేస్తుంది, రాయి చేత్తో పట్టుకుంటే ప్రమాదం లేదు. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా, గాలాడని గోడౌనులో రేడాన్ వాయువు పోగుపడినా ప్రమాదం. తడిగా ఉంచడం, కప్పి ఉంచడం, గాలి ఆడేలా కట్టడం లాంటివి తెలిసిన ఉపాయాలే. అవి రేవు కూలీ దాకా అమలవుతాయా అన్నదే ప్రశ్న.

రాయి తీయకముందే నష్టం

పాపువా న్యూగినీలో జరిగింది తీరం వాళ్లంతా తెలుసుకోవాల్సిన కథ. న్యూ ఐర్లండ్ దీవికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, 1,600 మీటర్ల లోతున, వేడి ఊటల దగ్గర రాగి, బంగారం కలిసిన సల్ఫైడ్లు ఉన్నాయి. సోల్వారా-1 అని పేరు పెట్టి, కెనడాకు చెందిన నాటిలస్ మినరల్స్ కంపెనీకి 2011లో లీజు ఇచ్చారు. ప్రభుత్వం కూడా 15 శాతం వాటా కొంది. మూడు భారీ యంత్రాలు తయారయ్యాయి.

ఆ దీవి పడమటి తీరంలో ఒక పాత ఆచారం ఉంది. మగవాళ్లు చిన్న పడవలో వెళ్లి, కొబ్బరి చిప్పల దండను నీళ్లలో ఆడించి సొరచేపను పిలిచి, ఉచ్చు వేసి చేత్తో పడతారు. వాళ్లకది వేట మాత్రమే కాదు, పెద్దలతో ఉన్న బంధం. యంత్రాల చప్పుడుకు సొర రాదని ఊళ్లు ఎదురు తిరిగాయి. చివరికి గని ఆగింది ఆ పోరాటం ఒక్కదానితో కాదు, డబ్బు చాలక. 2019లో కంపెనీ దివాళా తీసింది. ఒక్క రాయి అమ్మకుండానే పాపువా న్యూగినీ ప్రభుత్వం సుమారు 12 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. ఆ డబ్బు ఆసుపత్రులకో రోడ్లకో వెళ్లాల్సింది.

సీబెడ్ అథారిటీ దగ్గర ద మెటల్స్ కంపెనీ అనుబంధ సంస్థకు పూచీ పడ్డ పసిఫిక్ దీవి నౌరు దేశం కథ ఇంకో రకం. 21 చదరపు కిలోమీటర్ల ఆ దీవిలో దాదాపు 80 శాతం నేలను ఒకప్పుడు ఫాస్ఫేట్ కోసం తవ్వేశారు. ఉండటానికి అంచు మాత్రమే మిగిలింది. ఇంట్లో నేల పోయిన దేశం సముద్రపు గనిలో ఆదాయం వెతుక్కుంటుంటే తప్పు పట్టడం తేలిక కాదు.

"నేల మీద తవ్వడం కంటే ఇది నయం కదా?"

సమర్థించేవాళ్ల అతి బలమైన వాదన ఇది, దీన్ని దాటవేయకూడదు. ప్రపంచ నికెల్‌లో సగానికి పైగా ఇండోనేషియాలో వస్తోంది. సులవేసి, హల్మహెరా దీవుల తీరాల్లో అడవి కొట్టి, ఎర్రమట్టి తవ్వి, కొలిములు పెట్టారు. వాన పడితే ఆ మట్టి కడలిలోకి వెళ్లి పగడపు దిబ్బల మీద పడుతుంది. 2025 జూన్‌లో అక్కడి రాజా అంపట్ దీవుల్లో నాలుగు నికెల్ గనుల అనుమతులు ఆ ప్రభుత్వమే రద్దు చేయాల్సి వచ్చింది. నాడ్యూల్స్‌కు అడవి కొట్టక్కర్లేదు, ఊరు ఖాళీ చేయించక్కర్లేదు. తీరాన్ని కాపాడేది మేమే అని కంపెనీలు అంటున్నది ఇందుకే.

దీనికి ఎదురు ప్రశ్న ఒక్కటే: సముద్రంలో మొదలైతే నేల మీద ఆగుతుందా? ఆగాలన్న నిబంధన ఏదీ లేదు. చౌకగా ఎవరిస్తే వాళ్లదే మార్కెట్. పైగా నికెల్, కోబాల్ట్ అసలు అక్కర్లేని ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలు ఇప్పటికే చాలా కార్లలో వాడుతున్నారు. స్టీలుకు, విమానాలకు నికెల్ అవసరం మాత్రం అలాగే ఉంటుంది.

ఓడ రేవు చేరాక ఎవరి చట్టం?

సీబెడ్ అథారిటీ రాస్తున్న గని నిబంధనల పుస్తకం ఇంకా పూర్తి కాలేదు, కింగ్‌స్టన్‌లో బేరసారాలు సాగుతూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తమ 1980 నాటి సొంత చట్టం కింద అనుమతులిస్తామని ఉత్తర్వు జారీ చేశారు. అమెరికా ఆ సముద్ర ఒప్పందంలో చేరలేదు. నార్వే తన జలాలను తవ్వకాలకు తెరిచి, 2024 డిసెంబరులో మొదటి లైసెన్సులను ఆపేసింది.

వీటన్నిటి మధ్య తీరం వాళ్లకు సంబంధించిన ఒక చట్టపు గీత ఉంది. 2011లో అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం ఒక సలహా తీర్పులో, పూచీ పడ్డ దేశం తన కంపెనీ మీద గట్టి నిఘా పెట్టాల్సిందేనని చెప్పింది. అదే తీర్పు ఆ అంతర్జాతీయ బాధ్యత ఎక్కడి వరకో కూడా చెప్పింది. అడుగున ఏరడం, పైకి లాగడం, ఓడ మీద నీరు వేరుచేయడం అందులోకి వస్తాయి. ఒడ్డున కరిగించి లోహం తీయడం రాదు. అంటే రాయి నేల మీదకు వచ్చాక సీబెడ్ అథారిటీ కన్ను దాని మీద ఉండదు. ఆ రేవు ఏ దేశంలో ఉందో ఆ దేశపు మామూలు ఫ్యాక్టరీ చట్టమే దిక్కు.

మన దేశంలో అది 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్. రెండు వేల కిలోమీటర్ల అవతల గని దగ్గర సభ పెట్టడానికి ఊరు లేదు. కొలిమి వచ్చే జిల్లాలో మాత్రం ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. దాని నోటీసు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో రావాలి. నివేదిక సారాంశం ఇంగ్లిషుతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి. 73 కిలోల సంగతి తీరం వాళ్లు అడగగలిగే చోటు అదే.